పిలవని రంగు

హోళీ ముందురోజు గౌలిపుర గల్లీలో కాముణ్ణి నిలబెట్టే పని బాలనర్సింహది. ఎవరూ పిలిచి అప్పజెప్పిన పని కాదు. ముందు తండ్రి చేసేవాడు. తండ్రి తర్వాత అన్న భిక్షపతి చేయాలి. అన్నకు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి కంచన్‌బాగ్ వెళ్లిపోయాడు కాబట్టి అది తమ్ముడి మెడకు పడింది. చాలా పనులు అతని మెడకు అట్లాగే పడ్డాయి. బర్రెలు పడ్డాయి, పేడ పడింది, కోడి కూయకముందే లేచి పాలు పిండటం పడింది. అతను ఏడో తరగతిలో ఉండగా తండ్రి బర్రె కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇద్దరిలో ఒకడు బడి మానాలన్నారు. పెద్దవాడికి చదువు ఎక్కుతున్నది, చిన్నవాడి మాట బర్రెలు వింటున్నాయి. ఇంట్లో ఆ పంచాయితీ అంత సులువుగా తెగిపోయింది. ఇప్పుడు బాలనర్సింహ జుట్టు నెరిసింది. బర్రెలు ఊరవతలికి తరలిపోయాయి. కొట్టం ఉన్నచోట ఒక పాల దుకాణం మిగిలింది. ఆ పంచాయితీ మాత్రం అతని కడుపులో ఇంకా తెగలేదు.

కాముడంటే ఆముదపు కొమ్మ. నాలుగు బాటలు కలిసేచోట దాన్ని నాటి, చుట్టూ పిడకలు పేర్చి, పైన విరిగిన కుర్చీకాళ్లు, పాత తలుపు చెక్కలు, ఎవరి వాకిట్లోంచో ఎత్తుకొచ్చిన నిచ్చెన ముక్కలు వేస్తారు. కాముని పేరు చెప్పి ఎత్తుకొస్తే దొంగతనం కాదు. మంటలో వేశాక నాది అని అడగకూడదు. పిడకలు మాత్రం బాలనర్సింహ ఊరవతలి డెయిరీల నుంచి పాలతోపాటు సంచిలో వేసుకొస్తాడు. పాలవాళ్ల పేటగా పేరుపడ్డ గౌలిపురకు బయటినుంచి పిడక రావలసి వచ్చిందంటే, అతని తాత బతికుంటే నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేవాడు.

ఆ సాయంత్రం పున్నమి చంద్రుడు మేడల వెనకనుంచి ఇంకా పైకి రాలేదు. గల్లీ అంతా మూగింది. పక్కింటి మైసయ్య తాత అరుగు మీద కూర్చుని, ఏటా చేసినట్టే, మంట కంటే ముందు మాట అంటించాడు.

"ఏం బాలిగా, అగ్గిపెట్టె తెచ్చినవా? లేకుంటే ఊకె ఒకసారి గుడ్లురిమి సూడు, గదే అంటుకుంటది. శివునికంటె మూడో కన్ను గావాలె. నీకు రెండే చాలు."

గల్లీ నవ్వింది. బాలనర్సింహ నవ్వలేదు.

"నవ్వురా జర. కాముని దినం నవ్వనోడు ఏడాదంత ఏడుస్తడట."

"ఏడుస్తనే ఉన్న గద తాతా. నీకు కొత్తగ కనబడ్తున్నదా," అని అగ్గిపుల్ల గీశాడు.

పిడకలు మొదట పొగ పెట్టాయి. తర్వాత ఆముదపు ఆకులు చిటపటలాడి ముడుచుకున్నాయి. ఆ వాసన రాగానే అతనికి వదిన గుర్తొచ్చింది. రాకుండా ఉండాలనే ఇంతసేపూ చూశాడు.

వదిన ఆగమ్మ. అతను బడి మానిన ఏడాదే ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. పలక పోయి పార చేతికొచ్చిన మరిదిని చూసి జాలిపడింది ఆమె ఒక్కతే. కుడితి కలుపుతూ కలుపుతూ కథలు చెప్పేది. కాముని కథ ఆమె నోటనే విన్నాడు.

"శివుడు తపస్సుల కూసున్నడు పిలగా. ఆయన పెండ్లి జేసుకుంటేనే లోకం బతుకుతది. దేవతలంత గల్సి కాముణ్ణి పంపిన్రు. గాయన పూల బాణం ఏసిండు. ఎవరి కోసం ఏసిండు? తనకోసమా? లోకం కోసం. శివునికి కోపమొచ్చింది. కన్ను తెరిసిండు. ఇంక మనిషేడి, బూడిద. గప్పుడు రతీదేవి ఉరికొచ్చి కాళ్ల మీద పడ్డది. శివుని కోపం దిగింది. దిగితే ఏం ఫాయిదా? బూడిదను మల్ల మనిషిని జేసుడు దేవునితోని గూడ కాలే. నీ మొగుడు ఉంటడు గని కంటికి కనబడడు అని వరమిచ్చిండు."

అక్కడ ఆమె చేయి ఆగేది.

"గదేం వరం చెప్పు. పక్కకు కూసోని బువ్వ తినే మనిషి గావాలె గని."

అందుకని ఆమె ఒక నియమం పెట్టింది. కంచన్‌బాగ్ వెళ్లాక కూడా ఏటా దానికోసం గల్లీకి వచ్చేది. మంట మండుతున్నప్పుడు ఇంట్లో అందరి చేతుల్లో తలా ఒక పిడక ముక్క పెట్టి, "ఎవల మీద కోపముంటె ఆళ్ల పేరు తలుసుకోని ఎయ్యున్రి. రేపు రంగుల దినం కడుపుల బూడిద ఉండొద్దు" అనేది. బాలనర్సింహ ప్రతి ఏడూ అన్న పేరే తలుచుకుని వేసేవాడు. మళ్లీ ఏడాదికి కొత్త పిడక, అదే పేరు. వదినకు తెలుసు. తెలిసి కూడా ఎప్పుడూ పిడక ఇవ్వకుండా ఉండలేదు.

పోయిన వానాకాలం ఆమె పోయింది. నాలుగు రోజుల జ్వరమని ఆసుపత్రిలో పెట్టారు, మళ్లీ లేవలేదు. ఆ కబురు బాలనర్సింహకు అన్న చెప్పలేదు. పాలు పోసి ఇంటికొస్తుంటే దారిలో దూరపు చుట్టం ఒకడు, "మీ వదిన పోయిందట గద, నువ్వు ఈడనే ఉన్నవేంది" అన్నాడు. బండి తిప్పుకుని పోయేసరికి చితికి నిప్పు పెట్టేశారు. ఆమె ముఖం కాదు, కాలి వేలు కూడా కనబడలేదు. అన్నతో ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేశాడు. దినానికి భార్య ఆండాలును పంపాడు, తాను పోలేదు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాట లేదు.

ఇప్పుడు ఆండాలు వచ్చి పిడక ముక్క చేతికిచ్చింది. అతను దాన్ని కాసేపు పట్టుకుని, మంటలో వేయకుండా అరుగు మీద పెట్టేశాడు.

మైసయ్య చూశాడు. చూసి ఊరుకునే మనిషి కాదు. "రేపు మీ అన్న ఇంటికి పోతున్నవ్ గద?" అన్నాడు.

"పిలిచిండా నన్ను?"

"సోయి ఉండే మాట్లాడుతున్నవా? గా రంగుకు పిలుస్తరారా ఎవలన్న?"

పిలవరు. అది బాలనర్సింహకూ తెలుసు. వాళ్లలో చావు జరిగిన ఇంటికి పండుగలు ఉండవు. వాకిట్లో ముగ్గు పడదు, పొయ్యి మీద నూనె మూకుడు ఎక్కదు. హోళీ నాడు బయటినుంచి ఒకరు వచ్చి ఆ ఇంటి పెద్దకు రంగు పూస్తేనే ఆ ఇంటికి పండుగలు తిరిగొస్తాయి. ఆ రంగు వేసే హక్కు ముందు తోడబుట్టినవాడిది. తోడబుట్టినవాడు రాకపోతే దాయాదిది, అతనూ రాకపోతే పొరుగువాడిది. ఎవరి చేయి ముందు పడితే వాళ్లదే. రెండో చేతి రంగుకు లెక్కలేదు, అది ఉత్త ఆట. దుఃఖంలో ఉన్నవాడు నోరు తెరిచి పిలవకూడదు, మనిషిని పంపకూడదు, చేయి ఊపకూడదు. తెల్లబట్ట కట్టుకుని వాకిట్లో కూర్చోవాలి, అంతే. వచ్చేవాడు తనంతట తాను రావాలి. మధ్యాహ్నం స్నానాల వేళకల్లా ఎవరూ రాలేదంటే, ఆ మనిషికి ఎవరూ లేరని ఊరికి తెలుస్తుంది, ఇంకో ఏడాది ఆ ఇల్లు అట్లాగే ఉంటుంది.

"నీకు ఉన్నదే ఒక్క అన్న," అన్నాడు మైసయ్య. "ఆయనకు ఉన్నదే ఒక్క తమ్ముడివి. పోయిరా."

బాలనర్సింహ ఒక కర్ర తీసుకుని, మంటలోంచి జారిన చెక్కను లోపలికి నెట్టాడు. మంట దిగాక మాత్రం, ఏటా చేసినట్టే, కాముని బూడిద కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు.

తెల్లారి లేచేసరికి ఆండాలు మోదుగు పూలు మరిగిస్తున్నది. డెయిరీల వైపు గుట్టల్లో అతనే కోసుకొచ్చి ఆరబెట్టిన పూలు. అందులో వేసే సున్నం కొలత వదిన నేర్పింది. చిటికెడు ఎక్కువైతే ముఖం మండుతుంది, తక్కువైతే రంగు నిలవదు. ఆండాలు నీళ్లు వడగట్టి చిన్న పాల క్యానులో పోసి మూత పెట్టింది.

"రంగు తయారైంది," అన్నది.

"ఆయన ఫోన్ అయితే చెయ్యలే."

"చేస్తే పోవుడే తప్పయితది. గది గూడ నేనే చెప్పాల్నా?"

"చావుకు పిలవనోడు రంగుకు రమ్మంటె ఎట్ల పోవాలె?"

"రమ్మంటలేడు గద. గందుకే పొమ్మంటున్న." ఆండాలు గిన్నె దించి అతని ముఖంలోకి చూసింది. "అక్క ఉంటే నిన్ను చెవు పట్టుకోని గుంజుకపోతుండె. నాకు గంత బలం లేదు."

రంగు వేయబోయేవాడు ముందు తాను ఆడకూడదు. అతను తెల్లచొక్కా తొడుక్కుని, గల్లీ పిల్లలు రంగు బక్కెట్లతో మీదికొస్తుంటే, "వద్దు, పనుంది" అని తప్పించుకుని క్యాను బండికి తగిలించాడు. ఛత్రినాక దాటాడు. రంజాన్ ఉపవాసాల నెల కావడంతో సంతోష్‌నగర్ దాకా హోటళ్లన్నీ పరదాల వెనక ఉన్నాయి. దారి పొడుగునా అతని నాలుక మాటలు కూర్చుకుంటున్నది. ముందు రంగు వేసి తర్వాత అడగాలా, ముందు అడిగి తర్వాత వేయాలా. నా వదిన ముఖం నాకెందుకు చూపించలేదు అని. బర్రెలతో వేగినవాడికి చావు కబురు కూడా దండుగేనా అని.

ఫ్యాక్టరీ వాళ్లు కట్టుకున్న కాలనీ మొదట్లోనే భిక్షపతి ఇల్లు. ఎదురుగా, రోడ్డుకు ఇవతల, ఒక చాయ్ బండి. బాలనర్సింహ అక్కడ బండి ఆపాడు. ఒక్క చాయ్ తాగి పోదామనే ఆపాడు.

అన్న వాకిట్లోనే ఉన్నాడు. గేటు బార్లా తీసి, ఇనుప కుర్చీలో తెల్లలుంగీ, తెల్లబనీనుతో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. మనిషి బాగా చిక్కాడు. కాలనీ పిల్లలు పిచికారీలు కొట్టుకుంటూ ఉరుకుతున్నారు, ఆ గేటు దగ్గరికి రాగానే మాత్రం పక్కకు జరిగి పోతున్నారు. పెద్దవాళ్లు చెప్పి ఉంటారు. చుట్టూ నేలంతా ఎరుపూ పచ్చా పడి ఉంది, ఆ కుర్చీ చుట్టూ ఒక్క చుక్క లేదు.

బాలనర్సింహ చాయ్ తాగాడు. చూస్తాడేమో అనుకున్నాడు. రోడ్డుకు అవతల ఉన్నవాడు తల కొంచెం తిప్పితే కనబడే దూరమే. ఒక్కసారి చూసి తల ఊపితే చాలు, పోదామనుకున్నాడు. అన్న తల తిప్పలేదు. ఇంకో చాయ్ చెప్పాడు.

"ఎవలన్న రావాల్నా అన్నా?" అన్నాడు చాయ్ బండివాడు. "ఊకె అటే సూస్తున్నవ్."

"నేనే పోవాలె."

"మరి పోరాదు. రోడ్డు దాటితె అయిపాయె."

"పోత. తొందరేముంది."

ఎండ నెత్తి మీదికొస్తున్నది. ఒకరిద్దరు అప్పుడే తడి తలలతో, ఉతికిన బట్టలతో బయటికి వస్తున్నారు. భిక్షపతి బిడ్డ పూజిత గుమ్మంలోకి వచ్చి రోడ్డు ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసి లోపలికి పోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. బాలనర్సింహకు లేవాలనే ఉంది. అయినా కూర్చుండిపోయాడు. ఇంకొక్క నిమిషం, అన్న ఒక్కసారి ఇటు చూడనీ, అనుకున్నాడు. శ్మశానం నుంచి అట్లాగే తిరిగొచ్చానే, అప్పుడు వెనక నుంచి పిలిచాడా. ఇప్పుడన్నా పిలవనీ.

అప్పుడు పక్కింటి గేటు తీసుకుని ఒక మనిషి బయటికొచ్చాడు. డానియేలు. ఫ్యాక్టరీలో భిక్షపతితో ఒకే విభాగంలో, ఒకే షిఫ్టులో పనిచేసినవాడు. ముఖమంతా గులాబీ రంగు, చేతిలో పచ్చ గులాల్ పొట్లం. వాళ్ల ఇంట్లో ఈ పండుగ లేదు కానీ, కాలనీలో ఆడేవాళ్లలో అతనే ముందుంటాడు. అటు పోబోతున్నవాడల్లా కుర్చీలో ఉన్న మనిషిని చూసి ఆగాడు. దగ్గరికి పోయాడు. వంగి ఏదో అడిగాడు.

భిక్షపతి తల తిప్పాడు. పొద్దుటినుంచి మొదటిసారి రోడ్డు ఇవతలికి, చాయ్ బండి వైపు, సూటిగా చూశాడు. బాలనర్సింహ చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. ఆ చూపు ఎంతసేపు ఉన్నదో అతనికి తెలియలేదు. తర్వాత అన్న ముఖం తిప్పుకుని, డానియేలు ముందు తల వంచాడు.

డానియేలు చిటికెడు పచ్చరంగు తీసి నుదుట పెట్టాడు, రెండు చెంపలకూ రాశాడు. పూజిత గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. పిచికారీ పిల్లలు గేటులోకి దూరారు.

బాలనర్సింహ రోడ్డు దాటాడు. దాటడానికి పది అడుగులు కూడా పట్టలేదు. చేతిలో క్యాను ఉంది.

"అరె, తమ్ముడొచ్చిండు గదా," అన్నాడు డానియేలు, సంబరంగా. "మంచిగైంది. ఇగో, పొద్దుగాల్నుంచి అన్న ఒక్కడే కూసున్నడు, నాకు మనసు ఒప్పలే. మీ ఆచారం నాకు సగం సగం తెలుసు. ఎవలన్న వచ్చేటోళ్లు ఉన్నరా అన్నా అని అడిగిన. జరసేపు అట్ల సూసి, ఎవరు లేరు, నువ్వే వెయ్యి డానియేలూ అన్నడు. వేసేసిన. తప్పేం లేదు గద?"

"తప్పేముంది," అన్నాడు బాలనర్సింహ.

డానియేలు పిల్లల వెంట పోయాడు. పూజిత లోపలినుంచి ఇంకో కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. "కూసో చిన్నాయనా. మూకుడు పెట్టిన. రెండు గారెలు తిని పోదువు." ఆ ఇంట్లో అతనికి ఎవరూ ఎన్నడూ కుర్చీ తుడవలేదు. వస్తే నేరుగా వంటింట్లోకి పోయి, వదిన పక్కన పీట లాక్కుని కూర్చునేవాడు.

లోపలినుంచి నూనె కాగిన వాసన వచ్చింది. అన్నదమ్ములిద్దరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

"చాయ్ తాగినవా?" అన్నాడు భిక్షపతి.

"తాగిన."

"రెండా, మూడా?"

బాలనర్సింహ క్యానును కాళ్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"నీ బండి సప్పుడు నాకు తెల్వదా? పాలున్నా లేకున్నా గడగడ అనుకుంటనే వస్తది. గది వచ్చి ఆగినప్పటి సంది నేను కుర్చీల కెల్లి లేవలే. మూత్రానికి గూడ లేవలే. లేస్తే నువ్వొచ్చి సూసుకోని పోతవేమో అని."

"సూసినోడివి పిలవరాదా."

"ఎట్ల పిలుస్త?"

"చెయ్యన్న ఊపితివా."

"ఊపుతే వస్తవు. వస్తే ఏం ఫాయిదా, గది రంగు అయితదా? మీ వదిన ఒప్పుకుంటదా గదానికి?"

బాలనర్సింహ నాలుక మీద నెలల తరబడి నానిన మాట అప్పుడు బయటపడింది. దారి పొడుగునా కూర్చుకున్నట్టు కాదు, సగం మింగినట్టు వచ్చింది. "వదిన మొఖం నాకు సూపియ్యలే నువ్వు."

భిక్షపతి మోకాళ్ల మీది చేతులు చూసుకున్నాడు. చెంప మీది పచ్చరంగు చెమటకు జారుతున్నది.

"గా దినం ఎవలకు చెప్పిన్నో, ఎవలకు చెప్పలేదో నాకు సోయి లేదురా. నీకే ముందు చెప్పినట్టు అనుకున్న. అందరొచ్చిన్రు, నువ్వు రాలే. పాల కాడ ఉన్నడేమో, వస్తడు, జర ఆగున్రి అని మంట పెట్టేటోళ్లను గూడ ఆపిన. వాన ముసురుకొచ్చింది, ఇగ ఆగొద్దన్నరు. గప్పుడు గూడ తొవ్వనే సూసిన. ఇయ్యాల గూడ తొవ్వనే సూసిన." లుంగీ కొసతో ముఖం తుడుచుకోబోయి, రంగు గుర్తొచ్చి ఆగిపోయాడు. "ఎన్నిసార్లు సూస్తడ్రా మనిషి."

పూజిత గారెలు తెచ్చింది, పూలగీతలున్న చుట్టాల ప్లేట్లో. బాలనర్సింహ ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"క్యానులేంది, మోదుగుదేనా?" అన్నాడు భిక్షపతి.

"ఆ. వదిన చేసినట్టే చేసింది ఆండాలు. జర వెయ్యనియ్యే."

"వెయ్యి. వేస్తె ఎవరొద్దన్నరు. గని ఇగ అది ఆటనే గద." అన్న గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నేను గూడ తానం జెయ్యాలె. ఇంటికి తీస్కపో, మీ గల్లీల ఆడుకోండ్రి. బూడిద తెచ్చినవా?"

బాలనర్సింహ జేబులోంచి పొట్లం తీశాడు. అన్న తల వంచుతాడేమో, తానే నుదుట పెడదాం అని వేళ్లతో చిటికెడు తీశాడు. భిక్షపతి అరచేయి చాపాడు. బాలనర్సింహ ఆ బూడిద అరచేతిలో వేశాడు. అన్న తన నుదుట తానే, పచ్చరంగు మీద, అడ్డంగా రాసుకున్నాడు.

"మన గల్లీ వాసన," అన్నాడు.

లేచి బయల్దేరితే భిక్షపతి గేటు దాకా వచ్చాడు. ఇన్నేళ్లలో తమ్ముణ్ణి గేటు దాకా సాగనంపింది అదే మొదటిసారి. పొద్దున్నుంచి కూర్చుని కాళ్లు పట్టేసినట్టున్నాయి, గేటు పట్టుకుని నిలబడ్డాడు. "మూత గట్టిగ పెట్టు. తొవ్వల ఒలుకుతది," అన్నాడు. "ఆండాలును అడిగినట్టు చెప్పు. వస్తుండుండ్రి."

వస్తుండుండ్రి అన్నాడు. రారా అనలేదు. బాలనర్సింహ మూత తిప్పి గట్టిగా బిగించాడు.

తిరిగి వచ్చేసరికి రోడ్ల మీద ఆట అయిపోయింది. జనం స్నానాలు చేసి, గోళ్లలోనూ చెవుల వెనకా మిగిలిన రంగులతో అరుగుల మీద కూర్చున్నారు. మోరీల్లో నీళ్లు ఇంకా ఎర్రగానే పోతున్నాయి. ఛత్రినాక దగ్గర అతని దగ్గర రోజూ పాలు పోయించుకునే సోనీ వాళ్లమ్మ ఆపి, రేపటికి అర్ధలీటరు ఎక్కువ కావాలని చెప్పింది. చెప్పి, అతని తెల్లచొక్కాను పైనుంచి కిందిదాకా చూసింది. ఎక్కడా ఒక్క చుక్క లేదు.

"ఏందన్నా, ఈ యేడు మీ ఇంట్ల పండుగ లేదా?" అన్నది.

బాలనర్సింహ బండికి తగిలించిన క్యాను వైపు చూశాడు.

"లేదమ్మా," అన్నాడు.